పత్తర్‌గట్టికి రోగాల చెట్టు మోసుకెళ్లిన వైనం

హైదరాబాదు వెళ్లొచ్చే మా కాకినాడ వాళ్లు ముత్యాలు తెస్తారు, రాళ్ల గాజులు తెస్తారు, లేదంటే పాడైన కడుపు తెస్తారు. నాకు మూడోది దక్కింది. పాతబస్తీ చూడనివాళ్ల కోసం ఇది రాస్తున్నాను. చార్మినారు ఎత్తెంత, ఎవరు కట్టించారు అన్న వివరాలు కావలసినవాళ్లు వేరే పుస్తకం చూసుకోవాలి. మూడు రోజులు దాని నీడలోనే తిరిగాను గానీ దాన్ని ఎక్కలేదు. నేనెక్కి దిగలేక అవస్థ పడింది ఒక చెట్టు.

నేను వృక్షశాస్త్రం చెప్పే లెక్చరర్ని. వంకాయా ఉమ్మెత్తా ఒకే కుటుంబమని పిల్లల్ని నమ్మించడంలో ఇరవై ఏళ్లు గడిచిపోయాయి. రెండువేల మూడు ఎండాకాలం మొదట్లో హైదరాబాదు నుంచి ఒక కంప్యూటర్ కంపెనీవారు ఫోన్ చేశారు. పాతబస్తీ వైపు మూడు ఆసుపత్రులున్నాయట, మూడింటి కంప్యూటర్లూ ఒకదానితో ఒకటి మాట్లాడుకోవాలట. ఒక చోట 'షుగర్' అని రాస్తే, ఇంకో చోట రెండు ఇంగ్లీషు పొడి అక్షరాలు రాస్తారు, మరో చోట 'మీఠా పేషాబ్' అంటారు. మూడూ ఒకటేనని యంత్రానికి ఎవరైనా చెప్పాలి కదా. ఏది ఏ రకం, ఏది దేని కిందికి వస్తుంది, దేనికి దేనితో సంబంధం అని చెట్టులా గీసి ఇస్తే యంత్రం అర్థం చేసుకుంటుంది. దానికి వాళ్లు పెట్టిన పేరు ఆంటాలజీ. మొక్కల్ని వరసలో పెట్టే మనిషికి రోగాల్ని వరసలో పెట్టడం ఒక లెక్కా అనుకుని నన్ను పిలిచారు. నేనూ అలాగే అనుకుని రెండు నెలలు ఇంట్లో కూర్చుని చెట్టు గీసి పంపించాను. ఇక చివరి ఐదు రోజులు అక్కడికే వచ్చి సరిచూడమన్నారు.

నది ఇవతల

స్టేషనుకు మూర్తిగారొచ్చారు. ఈ పనికంతటికీ ఆయనే పెద్ద. భీమవరం మనిషి, పన్నెండేళ్లుగా హైదరాబాదులో కాపురం. మూసీ దాటి పాతబస్తీకి ఎన్నిసార్లు వెళ్లారని అడిగాను.

"రెండుసార్లు వెళ్లానండి. ఒకసారి మా బావగారికి మ్యూజియం చూపించాను. రెండోసారి దారి తప్పాను."

ఆఫీసులో నా చెట్టును గోడంత బొమ్మ చేసి పెట్టారు. చూసి పొంగిపోయాను, దాచుకోవడం దేనికి. ఒక్కటే ఇబ్బంది కనిపించింది. 'వేడి చేసింది', 'గాలి సోకింది', 'నరం పట్టింది' లాంటివన్నీ మూర్తిగారు 'ఇతరాలు' అని ఒక కొమ్మకు తగిలించారు. చెట్టంతటిలోనూ బలిసినది ఆ కొమ్మే.

నేను బాగా మురిసిపోయింది నా నియమాల గురించి. చెట్టుతోపాటు యంత్రానికి కొన్ని నియమాలు కూడా చెప్పాలి. అందులో ఏడో నియమం: మగవాడికి కాన్పు ఉండదు. మగపువ్వు కాయ కాయదని చెప్పే లెక్చరర్‌కి ఇది రాయడం ఎంతసేపు. ఈ నియమానికి ఎదురు తిరిగే వాక్యం ఏది కనబడినా యంత్రం తీసి పారేస్తుంది. పారేసినదేమిటో చూపించదు. కార్డు నంబరూ, ఎన్ని వాక్యాలు పోయాయన్న లెక్కా మాత్రం ఇస్తుంది. దాన్ని 'శుభ్రం చేయడం' అంటారు.

ఆంధ్రా మెస్ నుంచి ముద్దపప్పు, గోంగూర, మజ్జిగ మిరపకాయలు తెప్పించారు. నది దాటకపోయినా భీమవరానికి లోటు రాకుండా చూసుకుంటున్నారు అక్కడివాళ్లు. తిని చెయ్యి కడుక్కొచ్చేసరికి మూర్తిగారు ఒక కాగితం ముందు పెట్టారు. చెట్టూ నియమాలూ సరిగ్గా ఉన్నాయనీ, టైపు చేయడం పూర్తయిన పాత కార్డులు ఇక అక్కర్లేదనీ, అమ్మేయవచ్చనీ అందులో ఉంది.

"సరిచూడ్డానికే కదండీ వచ్చాను? చూడకుండా సంతకమా?" అన్నాను.

"మామూలు లాంఛనమేనండి. ఆసుపత్రిలో ఆ కార్డుల గది ఖాళీ చేస్తే అందులో ఏసీ పెట్టి కంప్యూటర్లు దింపుతాం. మీ సంతకం కోసం ఆగిపోయింది."

ముద్దపప్పు కడుపులో చల్లగా ఉంది. సంతకం పెట్టేశాను.

పత్తర్‌గట్టి

మర్నాడు ఎనిమిదింటికల్లా తయారై ఆటోలో పత్తర్‌గట్టిలో దిగితే వీధి వీధంతా నిద్రపోతోంది. మా ఊళ్లో ఎనిమిదింటికి బజారులో సగం బేరాలు అయిపోతాయి. ఇక్కడ పదకొండయితే గానీ షట్టరు లేవదు. రాతి కమానుల కింద ఒక చాయ్ హోటల్ మాత్రం తెరిచి ఉంది. మూడు రూపాయల చాయ్, దాంట్లో ముంచుకోవడానికి బిస్కెట్టు. ముంచి ఎంతసేపు ఉంచాలో తెలియక నా బిస్కెట్టు మునిగిపోయింది. ఎదుటి బల్ల మీది పెద్దాయన చెంచా నా వైపు జరిపి, "పహ్లీ బార్ ఐసాచ్ హోతా అమ్మా" అన్నాడు. మొదటిసారి అలాగే అవుతుందట. మా ఊళ్లో అయితే ముందు మీది ఏ ఊరు, మీరేమిట్లు అని అడిగి, ఆ తర్వాత నవ్వేవారు.

ఆసుపత్రి వెనక సందులో ఉంది. ధర్మాసుపత్రి. పేరు కాన్పులకే గానీ జ్వరాలూ విరేచనాలూ కూడా చూస్తారు. లోపలికి వెళ్లగానే కార్డుల కిటికీ, కిటికీ వెనక యాదమ్మ. ముప్పై ఏళ్లుగా ఆ కిటికీ ఆవిడదే. చెవి వెనక పెన్సిలు, ఒళ్లో రంగురంగుల దారపు ఉండలు, చేతిలో గోనెలు కుట్టే సూది. పాత కార్డు నిండితే దానికి కొత్త కాగితం కుడుతుంది.

"మీరేనా మేడమ్ చెట్టు గీసింది?" అంది నన్ను చూసి.

"అవునండి."

"మస్తు మంచిగ గీసిన్రంట గని, మా కార్డుల దారాలు తెంపుతున్నరు మీవోళ్లు. ఎందుకేంది?"

పక్క గదిలో ముగ్గురు అమ్మాయిలు టైపు చేస్తున్నారు. కాగితం బల్ల మీద చదునుగా పరుచుకోవాలంటే దారం అడ్డమని కత్తెరతో తెంపి, విడదీసి, టైపు చేసి, అయిపోయినవి సంచిలో పడేస్తున్నారు. నిన్నటి నా సంతకం జెరాక్సు తలుపుకు అతికించి ఉంది. యాదమ్మకు ఏదో సర్దిచెప్పాను. కంప్యూటర్లో ఉంటే పోవు, చెదలు పట్టవు అన్నాను. ఆవిడ పెన్సిలు చెవి వెనక సర్దుకుని కిటికీ వైపు తిరిగింది.

టైపు గదిలో నాకు శుభ్రం చేసిన కార్డుల జాబితా ఇచ్చారు. 212వ నంబరు, షేక్ ఖాసిం, మగ, అరవై నాలుగేళ్లు, తీసేసిన వాక్యాలు పద్నాలుగు. ఏం రాశారు ఇంతలా అని టైపు చేసే అమ్మాయిని అడిగితే గుర్తుచేసుకుని చెప్పింది, "నాలుగు కాన్పులు మేడమ్, ఆయనకు." మూర్తిగారికి ఫోన్ చేశాను. ఆయన సంబరపడిపోయారు. "చూశారా! మీ ఏడో నియమం లేకపోతే ఆ చెత్తంతా లోపలికొచ్చేసేది."

కిటికీ దగ్గర

ఆ మధ్యాహ్నం నా నోరు అదుపు తప్పింది. పదకొండు దాటాక బజారు లేచింది, బజారుతోపాటు వాసనలూ లేచాయి. సమోసా లాంటి లుఖ్మీలు రెండు, దాంట్లోకి పచ్చటి చట్నీ, తర్వాత ఖుబానీ మీఠా, పైన మలై, ఎండగా ఉందని చెరుకు రసం. సాయంత్రం నాలుగింటికి ఆసుపత్రి గోడ పట్టుకుని నడుస్తున్నాను.

"ఏంది మేడమ్, మొఖం గట్ల గుంజుకపోయింది?" అంది యాదమ్మ.

చెప్పాను. ఏమేం తిన్నానో కూడా చెప్పించుకుంది.

"ఒక్క పూటల గివన్ని తింటరా ఎవరన్న? ఆగుండ్రి, డాక్టర్‌కి చూపిస్త."

"కొత్త కార్డు రాయండి మరి."

"కొత్త కార్డుకు రేపు పొద్దుగాల ఆరింటికి లైన్ల నిలవడాలె. గప్పటిదాంక ఆగుతదా మీ కడుపు? పాత నంబరుంటే సీదా లోపలికి పోవచ్చు." అని తన చేతిసంచిలోంచి ఒక కార్డు తీసింది. 318. పేరు రాములు, మగ.

"ఎవరండీ ఈయన?"

"మా ఆయన. బస్ డిపోల మెకానిక్ ఉండె. పోయి రెండేండ్లాయె."

"పోయినవాళ్ల కార్డు మీద నాకు మందు రాయిస్తారా!" అన్నాను. కడుపు మెలిపెడుతున్నా నాలో లెక్చరర్ చావలేదు.

"మనిషి పోయిండు గని కార్డు పోలే కద. ఇంటి కార్డది." కార్డును తలకిందులుగా తిప్పి, చివరి వైపు నుంచి ఒక ఖాళీ పేజీ తీసింది. నన్ను చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లింది. ఏమవుతారని డాక్టరమ్మ అడిగితే, "మా చెల్లె, కాకినాడ నుంచి వచ్చింది" అంది. డాక్టరమ్మ 'చెల్లెలు, కాకినాడ, విరేచనాలు' అని ఇంగ్లీషులో రాసి మాత్రలిచ్చింది.

ఆ రాత్రి మాత్రలు పనిచేశాయి గానీ నాకు నిద్ర పట్టలేదు. ఇది మోసం కదా అనుకున్నాను. ముప్పై ఏళ్లుగా ఆ కిటికీలో కూర్చుని ఈవిడ రికార్డులన్నీ పాడు చేసిందనుకున్నాను. తెల్లవారాక గానీ ఆ ఖాసిం గారి నాలుగు కాన్పులు గుర్తుకు రాలేదు. బుర్ర నాది కూడా పదకొండింటికే తెరుచుకుంటుందేమో.

జల్‌పల్లి

"ఖాసిం సాబ్ కాన్పులా?" అని యాదమ్మ కిటికీ మీద చెయ్యి కొట్టి మరీ నవ్వింది. "ఆయన భార్యవి రెండు, పెద్ద కోడలుది ఒకటి, చిన్న కోడలు రజియాది ఒకటి. అదే ఇంటి కార్డంటె. మొగోళ్లది ముందట నుంచి రాస్తరు, ఆడోళ్లది ఎనక నుంచి. కోడలు వస్తె నేను కొత్త కాగితం కుడ్త, ఒక్కొక్క కోడలికి ఒక్కొక్క రంగు దారం. రజియాది పచ్చ దారం."

పాత నంబరంటే ఇక్కడ ఆస్తి అని అప్పుడు తెలిసింది. తాతల నాటి చిన్న నంబరుంటే లైనులో నిలబడక్కర్లేదు, మర్యాద ఎక్కువ. అన్నదమ్ములు వేరుపడితే ఇల్లూ గోడా పంచుకున్నాక కార్డు ఎవరికన్నది పెద్దలు తేలుస్తారట. మా వైపు పొలం గట్ల కోసం కొట్టుకుంటాం. ఈ పద్ధతి ఊరంతటికీ తెలుసు. తెలియంది నదికి ఇవతల కూర్చున్న మాకే.

"రజియాకు తొమ్మిదో నెల. నడువుండ్రి, చూసొద్దాం" అంది. బస్సులో జల్‌పల్లి వెళ్లాం. పాతబస్తీలో చోటు చాలని కుటుంబాలు చిన్నచిన్న ప్లాట్లు కొనుక్కుని అక్కడికి మారుతున్నాయి. ఇళ్లు సగం లేచి ఉన్నాయి, ఇనుప చువ్వలు ఆకాశంలోకి చూస్తున్నాయి, వీధికొక ఇసుక కుప్ప. ఖాసిం గారు వరండాలో మిషను ముందు కూర్చుని కుట్టుపని చేస్తున్నారు. పైకి లేచి, కుర్చీ తుడిచి వేశారు. నాలుగు కాన్పులైన మనిషిలా లేరు, చాలా ఆరోగ్యంగా ఉన్నారు.

రజియా పాతికేళ్ల పిల్ల. గోడకు ఆనుకుని కూర్చుని మాకు ఖట్టీ దాల్, అన్నం పెట్టించింది. మా పప్పుపులుసుకు దగ్గరి చుట్టం లాంటిదే గానీ పులుపు ఇంకాస్త ముందుంటుంది. నా కడుపు సంగతి యాదమ్మ అప్పటికే చెప్పేసినట్టుంది, నా పళ్లెంలో పెరుగు విడిగా వేశారు.

"ఈసారి కాన్పు ఇక్కడ కొత్త దవాఖానాలోనే, ఆపా" అంది రజియా. ఆపా అంటే అక్క. జల్‌పల్లి దారిలో కట్టిన ఆసుపత్రి, మా మూడింటిలో అదొకటి. "అక్కడ కార్డు అక్కర్లేదంట. కంప్యూటర్లో అన్నీ వస్తాయంట."

"మొదటి కాన్పు ఎలా జరిగిందమ్మా?" అని ఊరికే అడిగాను.

యాదమ్మే చెప్పింది. "అబ్బో, పానం పొయ్యెటిది. బాలింత జొరమొచ్చి సూది ఏసిన్రు. ఏసిన పది నిమిషాలకు మొఖం వాసి, ఊపిరాడక నీలంగైంది. రాత్రంత లొల్లి. ఎట్లనో బతికింది."

"ఏ సూది?"

"నాకేం ఎర్క? డాక్టర్ అప్పుడె కార్డుల రాసిండు, ఇంకెప్పుడు ఇయ్యొద్దని. ఎర్ర గీత కొట్టి మరి రాసిండు."

రజియాను అడిగాను. ఆమెకూ పేరు తెలియదు. "అదంతా కార్డులో ఉంది ఆపా. ఫికర్ నక్కో" అంది. దిగులు పడొద్దని నాకు ధైర్యం చెబుతోంది, నాకు!

నేను పళ్లెం పక్కకు పెట్టాను. ఆ ఎర్ర గీత వాక్యం షేక్ ఖాసిం అనే మగవాడి బాలింత జ్వరంతో కలిసి ఉంది. ఏడో నియమం దాన్ని ఎప్పుడో ఊడ్చేసింది. కొత్త ఆసుపత్రి తెర మీద ఈ ఇంటి కార్డు నంబరు కొడితే 'పడని మందులు: లేవు' అని చక్కగా వస్తుంది. ఇదివరకు అయితే డాక్టరు తనకు తెలియదు కాబట్టి భయపడి అడిగేవాడు. ఇప్పుడు తెలుసు అనుకుంటాడు. ఆ ధైర్యం ఇచ్చింది నేను. మిగిలిన దిక్కల్లా ఆ పచ్చ దారం కాగితం ఒక్కటే, దాన్ని అమ్మెయ్యమని సంతకం పెట్టింది కూడా నేనే.

సాయంత్రానికి పత్తర్‌గట్టి చేరేసరికి కార్డుల గది కడిగేసి ఉంది. ఏసీ అట్టపెట్టె లోపల పెట్టారు. టైపు అయిపోయిన కార్డుల సంచులు మూడూ మధ్యాహ్నమే రద్దీ దుకాణానికి, అంటే పాత కాగితాలు కొనే కొట్టుకు, వెళ్లిపోయాయట. ఆఖరి కట్ట ఒక్కటే టైపు బల్ల మీద మిగిలింది, అందులో నిన్న డాక్టరమ్మ దగ్గరే ఉండిపోయిన యాదమ్మ ఇంటి కార్డు కూడా ఉంది.

ధూల్‌పేట్

పొద్దున్నే రద్దీ దుకాణం తెరిపించాం, అంటే పదకొండింటికి. దుకాణం భాయ్ తీరిగ్గా తాళం తీస్తూ, "గత్తా అట్టలు వేరే, కాగజ్ వేరే. మీ కాగజ్ నిన్ననే ధూల్‌పేట్ పోయింది, గణేశ్ మూర్తుల పనికి" అన్నాడు.

"ఎవరి దగ్గరికి?" అని అరిచాను. కాకినాడలో మా పిల్లలు వింటే నేనేనా అనుకునేవారు.

"గుస్సా కాయకు అమ్మా. గల్లీ చెప్తా కదా." కోపమెందుకంటున్నాడు.

యాదమ్మ ఆటో మాట్లాడింది. నేను మాట్లాడితే ముప్పై అనేవాడు, ఆవిడ నోరు విప్పేసరికి పదిహేనుకు దిగాడు. ధూల్‌పేట్ గల్లీలో చవితికి ఇంకా చాలా రోజులున్నా వినాయకులు అప్పుడే గుమ్మాల్లో నిలబడి ఉన్నారు. రంగులు లేవు, కళ్లు లేవు, కొందరికి తొండాలు కూడా రాలేదు. పెద్ద బొమ్మలు వేరే మట్టితో చేస్తున్నారు. చిన్న బొమ్మలకు మాత్రం కాగితాలు నానబెట్టి, రుబ్బి, గుజ్జు చేసి అచ్చుల్లో నొక్కుతున్నారు. ఒక ముసలావిడ ఇనుప తొట్టిలోకి వంగి కర్రతో కలుపుతోంది. తొట్టిలో తేలుతున్న ముక్క మీద నీలం సిరాతో ఒక నంబరు, యాదమ్మ రాత.

"హాయ్ హాయ్" అని యాదమ్మ తొట్టి దగ్గర కూలబడింది. ముప్పై ఏళ్ల చాకిరీ ఆ నీళ్లలో ఉంది. నేను ఆవిడ మొహం చూడలేకపోయాను.

ఒక సంచి అప్పటికే నానిపోయింది. రెండు మిగిలాయి. ముసలావిడకు సంగతి చెబితే నోటి మీద చెయ్యి వేసుకుంది. "బహూ కా కాగజ్ హై? లే జావ్ అమ్మా, సబ్ లే జావ్" అని సంచులు రెండూ గల్లీలోకి కుమ్మరించింది. కోడలి కాగితమా, అన్నీ తీసుకుపొమ్మంది. కొంగు దోపుకుని తనూ వెతకడానికి కూర్చుంది. చదువు రాదు. 212 ఎలా ఉంటుందో యాదమ్మ నేల మీద ముగ్గుపిండితో రాసి చూపించింది.

ఎండ నెత్తికెక్కింది. కళ్లు లేని వినాయకుల మధ్య ముగ్గురం కాగితాలు తిరగేస్తున్నాం. నేను డాక్టర్ల రాత చదువుతున్నాను, ముసలావిడ నంబరు చూస్తోంది, యాదమ్మ మాత్రం అంచులు తడుముతోంది. నాలుగైదు 212లు దొరికాయి, ఎందులోనూ ఎర్ర గీత లేదు. ఆ కాగితాల మీద మనుషుల పేర్లు లేవు. ఎవరిదేదో దారమే చెప్పాలి, దారాల్ని మావాళ్లు తెంపేశారు. మేడమ్ అన్న పిలుపు ఎప్పుడు పోయిందో తెలియదు, "చెల్లె, గది చూడు, చెల్లె, గిటియ్యి" అంటోంది యాదమ్మ. నేనూ అక్కా అంటున్నాను.

మూడు దాటాక యాదమ్మ ఒక కాగితాన్ని ఎండకు ఎత్తి పట్టుకుంది. అంచున మూడు సూది రంధ్రాలు. నడిమి రంధ్రంలో గోరంత పచ్చ పోగు.

"నా కుట్టు నాకు తెల్వదా" అంది. కాగితం నా చేతికిచ్చింది.

ఎర్ర గీత కింద పెన్సిలిన్ అని ఉంది. మళ్లీ ఎన్నడూ ఇవ్వకూడదని కూడా ఉంది. నేను గల్లీ మధ్యలో ఏడ్చేశాను. ముసలావిడ నా చేతిలో నీళ్ల చెంబు పెట్టింది. మిగిలిన కాగితాలన్నీ సంచుల్లోకి ఎత్తుకున్నాం. నానిపోయిన సంచిలో ఇంకెన్ని ఇళ్ల కోడళ్లున్నారో ఆ దేవుడికే తెలియాలి. వాళ్లు ఆయన కడుపులోకే వెళ్లారు.

యాదమ్మ అటునుంచి అటే బస్సెక్కి జల్‌పల్లి వెళ్లి, కాగితాన్ని రజియా చేతిలో పెట్టి, తెర మీద ఏమున్నా సరే, ముందు ఇది చూపించమని ఒట్టు వేయించుకుని వచ్చింది.

మళ్లీ నది ఇవతల

ఐదో రోజు ప్రదర్శన. డబ్బిచ్చిన పెద్దలు వచ్చారు, పూలగుత్తులు వచ్చాయి. నా చెట్టు మీద లేజర్ లైటు నాట్యం చేసింది. లెక్కలన్నీ శుభ్రంగా ఉన్నాయని మూర్తిగారు చెప్పగానే చప్పట్లు కొట్టారు. నేను లేచి, కార్డుకు ఒక మనిషి అనుకోవడం తప్పనీ, అక్కడ కార్డుకు ఒక ఇల్లు ఉంటుందనీ, ఆ సంగతి చెట్టులో లేదనీ, నా ఏడో నియమం కాన్పుతో ముడిపడిన ఆడవాళ్ల రోగాలన్నిటినీ ఊడ్చేసిందనీ చెప్పాను. రజియా సంగతీ చెప్పాను.

ఒక పెద్దాయన చాలా మంచి పాయింటన్నారు. రెండో దశలో పరిశీలిద్దామన్నారు. మరొకాయన, ఒక మనిషికి ఒకే కార్డు అని పాతబస్తీ ప్రజలకు అవగాహన కల్పించాలన్నారు. తర్వాత సమోసాలొచ్చాయి.

"నా సంతకం వెనక్కి తీసుకుంటానండీ" అన్నాను మూర్తిగారితో పక్కకు పిలిచి. "ఆ రెండు సంచుల కార్డులూ మళ్లీ టైపు చేయించండి, ఇళ్లవారీగా. దగ్గర కూర్చుని యాదమ్మ చెబుతుంది."

"వెనక్కి తీసుకోవడానికి ఫారం లేదండి, మేడమ్ గారూ" అన్నారాయన, పాపం నిజంగానే బాధపడుతూ. "అయినా ఆవిడ చదువుకోలేదు కదండీ."

ఆవిడ చదువు నాకు ధూల్‌పేట్‌లో కనబడింది. ఆయన నది దాటలేదు, చెప్పినా అర్థం కాదు.

ఇంటికొచ్చాక

వారం తర్వాత కార్డుల కిటికీ నుంచి ఫోన్ వచ్చింది. "చెల్లె, ఆడపిల్ల. ఇద్దరు మంచిగున్నరు." రజియాకు మళ్లీ జ్వరం వచ్చిందట. రాత్రి డ్యూటీ డాక్టరు తెర చూసుకుని, చీటీ మీద పెన్సిలిన్ అనే రాశాడట. రజియా దిండు కింద నుంచి కాగితం తీసి ఇచ్చింది. చదివి, చీటీ మీది మందు కొట్టేసి వేరేది రాశాడట. "గా పోరికి అప్పుడే కాగితం కుట్టిన. గులాబి దారం" అంది యాదమ్మ. కంప్యూటర్లు వచ్చినా కిటికీ కింద సంచులు రెండూ ఉన్నాయి, అడిగినవాళ్లకు వెతికి ఇస్తోంది.

మరో రెండు నెలలకు కంపెనీ నుంచి కవరొచ్చింది. అంతా బ్రహ్మాండంగా నడుస్తోందని మూర్తిగారు రాశారు. మూడు ఆసుపత్రులూ తమ సమాచారం పంచుకుంటున్నాయి. ఒక్క చిన్న పొరపాటు మాత్రం తగిలిందట. కార్డు నంబరు 318, రాములు, మగ. ఈయన రెండేళ్ల కింద మరణించినట్టు మా మూడో ఆసుపత్రి, బస్సు కార్మికుల డిస్పెన్సరీ, చెబుతోంది. ఈ ఎండాకాలంలో విరేచనాలతో వచ్చినట్టు ధర్మాసుపత్రి చెబుతోంది. పోయినవాడికి రోగం రాదన్న నియమం నేను రాయడం మరిచిపోయానట. ఆ నియమం చేర్చి, ఆ వాక్యం తీసెయ్యడానికి అనుమతిస్తూ కింద సంతకం చేయమన్నారు.

నా చెట్టు పుణ్యమా అని రెండు ఆసుపత్రులు మొట్టమొదట పంచుకున్న జ్ఞానం అది. నవ్వాను. తర్వాత కలం తీసుకున్నాను.

మూర్తిగారికి జవాబు రాశాను. 'ఆ రోగి బతికే ఉందండి. కాకినాడలో వృక్షశాస్త్రం చెబుతోంది. రాములు గారికి మరదలవుతుంది. మీ యంత్రంలో ఉన్నవాటిలో నేను సొంతంగా సరిచూసి, నిజమని చెప్పగలిగిన వాక్యం అదొక్కటే. తీయకండి.'

వాళ్ల కాగితం మాత్రం తిప్పి పంపలేదు. నా బీరువాలోనే ఉంది, సంతకం చేయవలసిన చోటు ఖాళీగా.